చేతులు కడుక్కుని పెట్టిన సంతకాలు

ఆల్డర్ లోయలో జూబల్ టిడ్రిక్ పేరు తెలియనివాడు లేడు. ఇరవై రెండేళ్ళు మీగడ బండి తోలాడు. రోజూ అరవై ఒక్క గడపల ముందు ఆగి మీగడ క్యాన్లు ఎక్కించుకుని, టోలో నది దాటి, మెర్విల్ ఊళ్ళోని వెన్న ఫ్యాక్టరీకి చేర్చాడు. ఆ ఇరవై రెండేళ్ళలో బండి రాని రోజులు రెండే. ఒకటి ఆయన తల్లి పోయిన రోజు. రెండోది నది పొంగి బల్లకట్టు తాడు తెగిన రోజు. ఆ రెండో రోజున కూడా ఆయన ఒడ్డుదాకా వచ్చాడనీ, అవతలి ఒడ్డు కనబడక గుర్రాలను వెనక్కి తిప్పాడనీ చూసినవాళ్ళు చెబుతారు.

గ్రాంజి అనే మా రైతుల సంఘానికి మూడుసార్లు పెద్దగా ఉన్నాడు. బడికి ఇనప పొయ్యి తెప్పించాడు. డెయిరీ తనిఖీదారుతో వాదించి మా లోయ మీగడకు మొదటి రకం ధర ఇప్పించాడు. చదువు మాత్రం నాలుగు చలికాలాలే, అదీ దుంగల బడిలో. పత్రిక చదివేవాడు, లెక్క తప్పేవాడు కాదు. రాయడమే ఆయనకు పడేది కాదు. కలం పట్టుకుంటే వేళ్ళు కళ్ళెం పట్టుకున్నట్టు బిగుసుకునేవి. ఆయన భార్య ఓర్ఫా పెళ్ళికి ముందు బడిలో పాఠాలు చెప్పిన మనిషి. ఆ ఇంటి రాతకోతలన్నీ ఆవిడవే.

ఆ మాటకొస్తే మా లోయలో ఏ ఇంట్లో అయినా అంతే. పొద్దున్నే మగవాళ్ళు కొట్టంలో పాలు పితుకుతూ ఉంటారు. మీగడ బండి వచ్చేసరికి ఆడది నడుముకు కట్టుకున్న గుడ్డకు చెయ్యి తుడుచుకుంటూ వచ్చి, ఫ్యాక్టరీ పుస్తకంలో ఇంత తూకం అని చూసి మగడి పేరు రాస్తుంది. ఫ్యాక్టరీవాళ్ళు ఏనాడూ అభ్యంతరం చెప్పలేదు. ఆడవాళ్ళ రాత అయితే చదవడానికి వీలుండేది.

ఇక జూబల్ చేసిన పెద్ద పనుల సంగతి. 1902లో మా ఓరెగన్ రాష్ట్ర జనం రాజ్యాంగంలో ఒక కొత్త మాట చేర్చుకున్నారు. శాసనసభ చేసిన చట్టం నచ్చకపోతే జనమే సంతకాలు పోగుచేసి దాన్ని ఓటుకు పెట్టించవచ్చు. కావలసిన చట్టం జనమే రాసి తెచ్చుకోవచ్చు. అంతకుముందు చట్టాలన్నీ రాజధాని హోటలు గదుల్లో, రైలు కంపెనీల మనుషులు కాల్చే చుట్టల పొగలో తయారయ్యేవి. ఆ ఏడాది జూబల్ బండి మీద మీగడ క్యాన్ల పక్కనే కరపత్రాల కట్ట ఉండేది. రెండేళ్ళ తర్వాత పార్టీ అభ్యర్థులను పార్టీ పెద్దలు కాక జనమే ఎంచుకోవాలన్నప్పుడూ ఆయన తిరిగాడు. 1908లో, పని సరిగా చెయ్యని అధికారిని మధ్యలోనే దింపే హక్కు కోసం మళ్ళీ తిరిగాడు. మూడింటికీ తిరిగాడు, మూడూ గెలిచాయి. వాటికి పోగైన సంతకాలన్నీ గ్రాంజి హాల్లో శనివారం సాయంత్రాలు, స్నానం చేసి వచ్చిన మగవాళ్ళు బల్ల ముందు కూర్చుని పెట్టినవి.

అవి రాష్ట్రం సంగతులు. 1911లో మా నది సంగతే వచ్చింది.

టోలో నది మీద వంతెన కడతామని, మా జిల్లాలాంటి కౌంటీని నడిపే కమిషనర్లు మూడు ఎన్నికల్లో మాట ఇచ్చారు. ఆ ఏడాది ఆగస్టు పదో తేదీన మాట మార్చి, బల్లకట్టును హార్లన్ క్విగ్‌కి ఇరవై ఏళ్ళకు కౌలుకిచ్చారు. ఆ ఇరవై ఏళ్ళూ దరిదాపుల్లో వంతెన కట్టకూడదని అందులో ఒక షరతు. క్విగ్ ఒక కమిషనరుకు బావమరిది. మంచి మనిషే కానీ తొందరంటూ ఎరగడు. మీగడ బండి ఒడ్డుకు చేరే వేళకే అతనికి ఆకలేసేది. ఎండాకాలంలో అతను తిని, మూతి తుడుచుకుని, తాడు పట్టుకునేలోగా క్యాన్లలో మీగడ పులిసేది. పులిసిన మీగడకు రెండో రకం ధర. అరవై ఒక్క ఇళ్ళ కష్టం ఒడ్డు మీద అలా చెడిపోవడం చూస్తూ నిలబడాల్సింది జూబలే.

కమిషనర్ల ఉత్తర్వు మీద జనం ఓటు అడగాలంటే ముప్పై రోజుల్లో నూట అరవై మంది ఓటర్ల సంతకాలు కౌంటీ గుమాస్తాకు అందాలి. సెప్టెంబరు తొమ్మిది, శనివారం, సాయంత్రం ఐదింటికి గడువు. అందకపోతే ఇరవై ఏళ్ళు బల్లకట్టే. మా కౌంటీలో అలాంటి పనికి పూనుకున్న మొదటి మనిషి జూబల్ టిడ్రిక్.

కోతల రోజుల్లో గ్రాంజి హాలు మూసి ఉంటుంది. అందుకని జూబల్ కాగితాలు బండి మీదే పెట్టుకుని తిరిగాడు. పద్దెనిమిది రోజుల్లో నూట ఎనభై నాలుగు పేర్లు వచ్చాయి. ప్రతి కాగితం వెనక, ఇందులో ప్రతి ఒక్కరూ నా కళ్ళ ముందే సంతకం పెట్టారని ప్రమాణం చేసి తన పేరు చెక్కినంత కష్టపడి రాశాడు. బుధవారం నాడు ఉతికిన చొక్కా వేసుకుని, మెర్విల్ వెళ్ళి, కౌంటీ గుమాస్తా పర్డమ్‌ గారి బల్ల మీద పెట్టాడు.

పర్డమ్ సన్నటి మనిషి. కళ్ళద్దాలు రెండు జతలు, ఒకటి చదవడానికి, ఒకటి మనుషులను చూడడానికి. కాగితాలు తిప్పాడు. ఓటర్ల పుస్తకం తెరిచాడు. మళ్ళీ కాగితాలు తిప్పాడు. కళ్ళద్దాలు మార్చుకుని జూబల్ వైపు చూశాడు.

"మిస్టర్ టిడ్రిక్, ఆల్డర్ లోయ మగవాళ్ళకి ఇంత అందమైన చేతిరాత ఎప్పట్నుంచి వచ్చిందండీ?"

"అదేం మాటండీ?"

"ఇదిగో, ఆస్కార్ డెల్. ఓటరుగా నమోదైన రోజున నా ముందే పెట్టిన సంతకం చూడండి. కోడి బురదలో నడిచినట్టుంది. మీ కాగితం మీద అదే ఆస్కార్ డెల్ ద్రాక్షతీగలా మెలికలు తిరిగాడు. ఆయన కొడుకులిద్దరూ, పాలేరూ కూడా అదే తీగ."

జూబల్ బల్ల మీదకు వంగాడు. "ఆస్కార్ పాలు పితుకుతున్నాడండీ. పెట్టెయ్యమని వాళ్ళావిడకి చెప్పాడు. నేనక్కడే ఉన్నాను, నా చెవులతో విన్నాను. మా లోయలో అలాగే కదా చేస్తాం, ఫ్యాక్టరీ పుస్తకంలో..."

"ఇది మీగడ కాదండీ, ఓటు. ఎవరి సంతకం వాళ్ళే పెట్టాలి." పర్డమ్ ఒక కాగితం ముందువైపు చూపించాడు. వరసలో మొదటి పేరు జూబల్ టిడ్రిక్. అదే కాగితం తిప్పి వెనకవైపు ప్రమాణం కింద ఉన్న జూబల్ టిడ్రిక్‌ని చూపించాడు. "వీళ్ళిద్దరూ ఎప్పుడైనా కలుసుకున్నారా?"

ముందున్నది ఓర్ఫా రాసిన పేరు. వెనకది ఆయన చెక్కినది. ఇరవై రెండేళ్ళలో తూకంలో ఒక్క పొరపాటు చెయ్యని మనిషి చెవులదాకా ఎర్రబడ్డాడు.

పర్డమ్ నూట ముప్పై ఒక్క పేర్లు కొట్టేశాడు. యాభై మూడు మిగిలాయి. చాలామంది బ్రహ్మచారులు.

"దొంగ ప్రమాణం అని రాయాలి నేను," అన్నాడు గుమాస్తా. "మోసం కాదని నాకూ తెలుసు, మోసం చేసేవాడైతే రాత మార్చి మార్చి రాయిస్తాడు. కాగితాలు వెనక్కి తీసుకెళ్ళండి. ఇంకా సమర్పించలేదనుకుంటాను. కానీ శనివారం ఐదు దాటితే ఒక్క నిమిషం కూడా నా చేతిలో లేదు. ఈ చట్టం కావాలని కరపత్రాలు పంచింది మీరే కదండీ."

"నేనేనండీ," అన్నాడు జూబల్. కాగితాలు పోగుచేసుకున్నాడు.

ఇంటికొచ్చి సంగతి చెబితే ఓర్ఫా రొట్టెల పెనం దించి నడుం మీద చేతులు వేసుకుంది.

"నా రాత కొట్టేశాడా? బాగాలేదన్నాడా?"

"చాలా బాగుందన్నాడు."

"బాగుంటే కొట్టెయ్యడమెందుకు?"

"బాగుండబట్టే దొరికిపోయాం, ఓర్ఫా. అది మగవాడి సంతకం ఉండాల్సిన చోటు."

ఓర్ఫా వెనక్కి తిరిగింది. పెనం మళ్ళీ పొయ్యి మీద పెట్టింది. ఆవిడ ఊరుకుంటే దేనికో సిద్ధపడుతోందని జూబల్‌కి తెలుసు, కానీ ఆయనకప్పుడు తల నిండా నూట ఏడే ఉంది. ఇంకా నూట ఏడు సంతకాలు కావాలి. మూడు రోజులుంది. అదీ హాప్స్ కోసే వారంలో.

బీరు తయారీకి వాడే హాప్స్ పూలు కోతకు వస్తే మా లోయలో ఇంకే పనీ ఉండదు. పొద్దున పాలు పితికి, మీగడ బండికెక్కించి, ఇళ్ళకు ఇళ్ళే గాట్లీబ్ రాబ్ తోటకు పోతాయి. ఎత్తుగా కట్టిన తీగల మీద పాకిన హాప్స్ కింద బుట్టలు పెట్టుకుని ఆడా మగా వరసల్లో నిలబడతారు. పై పూలు అందనప్పుడు "తీగ దించూ" అని ఒక కేక వేస్తారు, గెడతో ఒకడు వచ్చి దించుతాడు. గంట కోసేసరికి పూల జిగురు చేతులకు అంటి నల్లగా తారులా పడుతుంది.

జనమంతా ఒక్కచోటే ఉన్నారు కదా, మంచిదే అయింది అనుకుని జూబల్ గురువారం మధ్యాహ్నం ఖాళీ బండితో తిన్నగా తోటకు వెళ్ళాడు. వరస వెంట వరస తిరిగాడు.

మొదట కలం ఆస్కార్ డెల్‌కి ఇచ్చాడు. ఆస్కార్ అక్షరం మొదలుపెట్టాడు. కలం వేళ్ళకు అంటుకుపోయింది. విదిలిస్తే కాగితం కూడా వచ్చింది.

"జూబల్, ఇది సంతకమా, చేపల వలా? నా వల్ల కాదు. మా ఆవిడ చేత పెట్టించు."

"మీ ఆవిడ పెట్టబట్టే కదరా ఈ తిరుగుడు."

"అయితే హాప్స్ అయిపోయాక చూద్దాం."

"హాప్స్ అయిపోయేలోగా వంతెన ఆశ కూడా అయిపోతుంది."

ఇంకొకడు, చూస్తే మంచి మాటకారి, కలం చూడగానే నడుం నొప్పన్నాడు. ఇంకొకడు తన రాత పక్కవాళ్ళు చూస్తే నవ్వుతారని, ఇంటికెళ్ళి తలుపేసుకుని పెడతానన్నాడు. నీ ఇంట్లో తలుపేసుకుంటే నేను చూడాలి కదరా అంటే, నువ్వూ లోపలికి రావద్దన్నాడు. పక్క వరసల్లో ఆడవాళ్ళు ఇదంతా వింటూ, తలెత్తకుండా పూలు కోస్తూ నవ్వుకున్నారు. వెలుగు తగ్గేసరికి వచ్చినవి తొమ్మిది సంతకాలు. వాటిలో రెండింటి మీద బొటనవేలి మచ్చ పేరు కంటే పెద్దది.

తొంభై ఎనిమిది మిగిలాయి. బండి ఇంటి దారి పట్టింది. పగలంతా పూలు కోసిన ఓర్ఫా పక్కన కూర్చుంది.

"వాళ్ళు రాయలేక కాదు," అంది ఓర్ఫా. "ఇరవై ఏళ్ళుగా మేం రాసిపెడుతుంటే మరిచిపోయారు. అడగాల్సిన పద్ధతిలో అడిగితే రాస్తారు. ఆ పద్ధతి మాకు తెలుసు."

"అయితే చెప్పు."

"చెప్పను. చేస్తాం. కానీ ముందు ఒకటి ఒప్పుకోవాలి నువ్వు."

జూబల్ గుర్రాల చెవులవైపు చూశాడు. అదేమిటో ఆయనకు తెలుసు. వచ్చే ఏడాది ఆడవాళ్ళకు ఓటు ఇవ్వాలా వద్దా అని రాష్ట్రమంతా ఓటు పెట్టించడానికి సంతకాలు తిరుగుతున్నాయి. ఆ కాగితాన్ని కూడా బండి మీద తిప్పమని ఓర్ఫా జూన్‌లోనే అడిగింది. ఆయన కుదరదన్నాడు. వంతెన కావాలన్నవాళ్ళలో సగం మందికి ఆడవాళ్ళ ఓటంటే గిట్టదు, రెండూ కలిపితే మొదటిదీ పోతుందని ఆయన భయం.

"ఓర్ఫా, ఇప్పుడు కాదు. ఒక్కటి దాటనీ."

"నువ్వు నూట ముప్పై ఒకటి పోగొట్టుకున్నది ఎందుకో ఆలోచించావా? ఈ లోయలో రాసే చేతులకు ఓటు లేదు. ఓటున్న చేతులకు రాయడం రాదు. రెండూ ఒకే చేతికి ఉండి ఉంటే నువ్వు బుధవారమే పని ముగించుకుని వచ్చేవాడివి."

ఆయన మైలు దూరం ఆ మాటే లెక్కేసుకుంటూ తోలాడు. మంచి లెక్క కాబట్టి ఆయనకు తప్పించుకునే దారి దొరకలేదు.

"ఎన్నాళ్ళు తిప్పాలి?" అన్నాడు చివరికి.

"చలికాలమంతా. ప్రతి గడపా. కాగితం క్యాన్ల కింద దాచకూడదు."

"దాచను."

"అయితే రేపు మధ్యాహ్నం ఒక బల్ల, రెండు బకెట్లు తెచ్చిపెట్టు."

శుక్రవారం మధ్యాహ్నం భోజనాల గంట మోగింది. మగవాళ్ళు వంటపాక దగ్గరకు వచ్చి ఆగిపోయారు. పళ్ళేల వరస మొదట్లో ఒక బల్ల అడ్డంగా ఉంది. బల్ల మీద జిగురు వదిలించడానికి పందికొవ్వు, పొయ్యి బూడిద కలిపిన గిన్నె, పక్కన వేడినీళ్ళు, తువ్వాళ్ళు. ఆ తర్వాత రెండు కాగితాలు, మొదటిది వంతెనది, రెండోది ఆడవాళ్ళ ఓటుది, రెండు కలాలు. అవతల బీన్స్, పంది మాంసం, బ్లాక్‌బెర్రీ పళ్ళు పెట్టి కాల్చిన పై అనే తీపి రొట్టెలు. బల్ల వెనక ఓర్ఫా, ఆస్కార్ భార్య హులా, లవీనా క్విగ్.

లవీనా అంటే బల్లకట్టు హార్లన్ భార్యే. ఆవిణ్ణి అక్కడ చూసి జూబల్ టోపీ తీశాడు.

"నువ్వెందుకమ్మా ఇందులో? మీ ఇంటి కూడు కదా ఇది."

"ఓటేస్తే హార్లన్ గెలవచ్చు, ఓడచ్చు. జనం అడుగుతామంటే అడగనివ్వలేదు అని మాత్రం నా మొగుణ్ణి ఎవరూ అనకూడదు. అదీగాక రెండో కాగితం నాది."

గాట్లీబ్ రాబ్ ముందుకొచ్చాడు. తోట యజమాని, భారీ మనిషి, నియమాలంటే పట్టింపు. "మిసెస్ టిడ్రిక్, సంతకం పెట్టనివాడికి అన్నం పెట్టరా? అలాగైతే నేనొప్పుకోను. తోట నాది, బీన్స్ నావి. ఇది లంచం కిందకి వస్తుంది."

"ఎవరి పళ్ళెం వాళ్ళకుంది, మిస్టర్ రాబ్," అంది ఓర్ఫా, చల్లగా. "ఇష్టం లేనివాళ్ళు సంతకం పెట్టక్కర్లేదు. చేతులు మాత్రం అందరూ కడుక్కోవాలి. కాగితం మీద ఏముందో నేను చదువుతుంటే అందరూ వినాలి. ఆ తర్వాత పెట్టేవాళ్ళు పెడతారు, పెట్టనివాళ్ళు పై తింటారు."

రాబ్ తల ఊపాడు. తనే మొదట చేతులు కడుక్కున్నాడు. ఓర్ఫా బడిలో చదివినట్టు రెండు కాగితాలూ పైకి చదివింది. రాబ్ మొదటిదాని మీద సంతకం పెట్టి, రెండోదాని మీద పెట్టకుండా పళ్ళెం అందుకున్నాడు. ఆయనకు పై పెద్ద ముక్కే వేశారు. అది చూశాక మిగతావాళ్ళకు ధైర్యం వచ్చింది.

ఆస్కార్ చేతులు కడుక్కుని నిలబడ్డాడు. ఇరవై ఏళ్ళ తర్వాత తన వేళ్ళు తెల్లగా చూసి తనే ఆశ్చర్యపోయాడు.

"హులా, మన పేరులో మొదటి అక్షరం ఎటు తిరుగుతుంది?"

"నీ పేరు నన్నడుగుతావేం? నువ్వు పుట్టినప్పుడు నేనున్నానా?"

వెనక వరస గొల్లుమంది. ఆస్కార్ నాలుక బయటపెట్టి, ఒక్కో అక్షరం దున్నినట్టు రాశాడు. రాశాక కాసేపు దాన్నే చూసుకుని, అలవాటయిన చేత్తో రెండో కాగితం మీద కూడా పెట్టేశాడు. "ఒకటి వచ్చాక రెండోది తేలికేనోయ్," అని వెనకవాళ్ళకు చెప్పాడు. జూబల్ బల్ల చివర నిలబడి ఒక్కో చేతినీ, ఒక్కో కలాన్నీ కళ్ళు ఆర్పకుండా చూశాడు. ఈసారి ప్రమాణంలో ఒక్క అక్షరం కూడా తప్పు కాకూడదు.

ముగ్గురు ఏ కాగితం మీదా పెట్టలేదు. వాళ్ళూ కడుపునిండా తిన్నారు. ఆ ముగ్గురి సంగతి మా లోయవాళ్ళు ఇప్పటికీ గర్వంగానే చెబుతారు.

శుక్రవారం ఎనభై ఒకటి వచ్చాయి. శనివారం మధ్యాహ్నం దూరపు వరసలవాళ్ళు కూడా వచ్చారు, ఇంకో ఇరవై ఎనిమిది. మళ్ళీ రాయమని ఓర్ఫా అందరికంటే చివర జూబల్‌ని కూడా బల్ల ముందు నిలబెట్టింది. ఆయన రాస్తుంటే హులా పక్కనుంచి తొంగిచూసి, "ఓర్ఫా, నీకు బడిలో ఇలాంటి పిల్లవాడు దొరికి ఉంటే ఏం చేసేదానివి?" అంది.

"పెళ్ళి చేసుకున్నాను కదా," అంది ఓర్ఫా.

రెండున్నరకు బండి నది ఒడ్డున ఆగింది. జూబల్, ఓర్ఫా, లవీనా. బల్లకట్టు అవతలి ఒడ్డున ఉంది. హార్లన్ క్విగ్ దాని మీదే కూర్చుని, మోకాళ్ళ మీద గుడ్డ పరుచుకుని తింటున్నాడు. మామూలుగా తినేదానికంటే నెమ్మదిగా తింటున్నాడు. జూబల్ కేక వేశాడు. హార్లన్ చెయ్యి ఊపి, ఇంకో ముక్క కోసుకున్నాడు. మెర్విల్ ఇంకా తొమ్మిది మైళ్ళు. పావుగంట గడిచింది. జూబల్ చొక్కా వీపుకు అంటుకుంది.

లవీనా బండి మీద లేచి నిలబడింది.

"హార్లన్, ఆ తాడు నువ్వు పట్టుకుంటావా, నన్ను ఈదుకుంటూ వచ్చి పట్టుకోమంటావా?"

అవతలి ఒడ్డున గుడ్డ మడత పెట్టడం కనబడింది. బల్లకట్టు వచ్చింది.

"తింటుంటే కేకలేంటి?" అన్నాడు హార్లన్.

"నిన్న తోటలో నువ్వు తిన్న పై చాల్లేదా?" అంది లవీనా. "రాబ్‌గారి కంటే పెద్ద ముక్క తిన్నావు. చేతులు కడుక్కుని, రెండో కాగితం మీద బుద్ధిగా సంతకం కూడా పెట్టావు."

"అది నీ కాగితమన్నావు కాబట్టి పెట్టాను. మొదటిదాని మీద పెట్టానా?"

"పెట్టమని ఎవరడిగారు? తాడు లాగు."

నాలుగూ నలభైకి పర్డమ్ బల్ల మీద కాగితాలు పడ్డాయి. గుమాస్తా ఓటర్ల పుస్తకం తెరిచి, కళ్ళద్దాలు మార్చుకుని, ఒక్కో పేరుకూ ఒక్కో పేరు సరిచూశాడు. జూబల్ కూర్చోమన్నా కూర్చోలేదు. గోడ గడియారం ఐదు కొట్టింది. సమర్పించిన వేళ ముందే రాసుకున్నాను, కంగారుపడకండి అన్నాడు పర్డమ్, తలెత్తకుండా. మధ్యలో రెండుసార్లు కాగితాన్ని తలకిందులుగా తిప్పి చూశాడు. ఒకచోట వేలితో తాకి, వాసన చూశాడు.

"పందికొవ్వా?"

"అవునండీ. బూడిద కూడా."

ఐదూ ఇరవైకి గుమాస్తా కలం కింద పెట్టాడు.

"మిస్టర్ టిడ్రిక్, పదకొండేళ్ళ ఉద్యోగంలో ఇంత వికారమైన రాత నేను చూడలేదు. ఆస్కార్ డెల్ కోడి ఈసారి కుంటుతోంది కూడా." కళ్ళద్దాలు తీశాడు. "ఒక్కటి కూడా కొట్టెయ్యడానికి వీల్లేదు. మొన్నటి యాభై మూడుతో కలిపి నూట డెబ్భై ఒకటి."

జూబల్ అప్పుడు కూర్చున్నాడు. ఓర్ఫా ఆయన భుజం మీద చెయ్యి వేసి, రెండో చేత్తో ఇంకో కాగితాల కట్ట బల్ల మీద పెట్టింది. "ఇవి రాజధానికి వెళ్ళాల్సినవి. తొంభై నాలుగున్నాయి. మీరు సరిచూసి పంపిస్తారా?"

పర్డమ్ చదివే కళ్ళద్దాలు మళ్ళీ పెట్టుకున్నాడు. కాగితాల పైన రాసిన శీర్షిక చదివాడు. ఆ శీర్షిక ద్రాక్షతీగలా మెలికలు తిరిగి ఉంది.

"ఈ రాత నాకు తెలుసండీ," అన్నాడు. "సోమవారం పంపిస్తాను."

తిరుగుదారిలో సూర్యుడు నది మీద వాలుతున్నాడు. హార్లన్ క్విగ్ ఈసారి ఒడ్డునే ఎదురుచూస్తూ ఉన్నాడు. బండి ఎక్కించి, తాడు లాగుతూ నది మధ్యకు వచ్చాక అడిగాడు.

"ఎన్నొచ్చాయి?"

"నూట డెబ్భై ఒకటి," అన్నాడు జూబల్.

"అయితే ఓటు తప్పదు."

"తప్పదు."

హార్లన్ రెండుసార్లు తాడు లాగాడు. "ఓడిపోతానంటావా, జూబల్?"

"నాకేం తెలుసు హార్లన్? తెలిస్తే ఇంతమందిని అడగడమెందుకు?"

హార్లన్‌కి ఆ జవాబు నచ్చింది కాబోలు, దాటించిన కూలి తీసుకోవడం మరిచిపోయాడు. లవీనా గుర్తుచేసింది.

నవంబరులో ఓటు జరిగింది. కౌలు వద్దన్నవాళ్ళు తొమ్మిది వందల నలభై ఇద్దరు, కావాలన్నవాళ్ళు మూడు వందల పద్దెనిమిది మంది. మరుసటి వసంతంలో వంతెన పని మొదలైంది. స్తంభాలకు రాళ్ళూ, దూలాలకు ఫర్ దుంగలూ అన్నీ అవతలి ఒడ్డునుంచే రావాలి. అవి దాటించడానికి బల్లకట్టు తప్ప ఇంకో దారి లేదు. పద్నాలుగు నెలలపాటు హార్లన్ క్విగ్‌కి తినడానికి తీరిక దొరకలేదు. అంత సంపాదన తను జన్మలో చూడలేదని, ఈ వంతెన పదేళ్ళ కిందటే కట్టాల్సిందని అతనే అందరికీ చెప్పుకు తిరిగాడు.